పూజ బట్టల గదిలో సువిశేషం రికార్డింగ్: మా విచారణ ఆడియో డైరీ

నవంబర్ 30, ఆగమన కాలం (క్రిస్మస్ ముందు నాలుగు వారాలు) మొదటి ఆదివారం

ఇవాళ్టి నుంచి పని మొదలు. ఆ రోజు పూజలో (ఫాదర్ గారు నడిపే కతోలిక ఆరాధనలో) చదివే సువిశేషాన్ని, అంటే బైబిల్లో యేసు ప్రభువు కథ చెప్పే భాగాన్ని, మా విచారణ (ఒక గుడి, అంటే చర్చి, దాని కిందికొచ్చే ఊళ్లు) వాళ్ల గొంతుతోనే చదివించి, చివర ఒక నిమిషం మాట కలిపి, మొత్తం నాలుగు నిమిషాలు దాటకుండా ఆడియో చేసి, పొద్దున్న ఆరు లోపు ఫోన్లకు చేరవేయాలి. ప్రాజెక్టు ఇంతే. యూత్ మీటింగ్‌లో పెద్ద పెద్ద ఆలోచనలే వచ్చాయి, యూట్యూబ్ ఛానెల్ అన్నారు, పూజ లైవ్ అన్నారు, కెమెరాకీ స్టాండుకీ లైట్లకీ ఎంతవుతుందో లెక్క కూడా వేశారు. నేను మాత్రం ఆడియో దగ్గరే పట్టుబట్టి కూర్చున్నాను.

మా విచారణ సంగతి అలాంటిది మరి. రాజాం చుట్టూ పల్లెలు. ఏ వీధికెళ్లినా ఇళ్లలో ముసలివాళ్లూ పిల్లలే, పనిచేసే వయసు వాళ్లలో చాలామంది హైదరాబాదులోనో చెన్నైలోనో బిల్డింగ్ పనుల్లో ఉంటారు. అక్కడున్నవాళ్లకి ఆదివారం సెలవు దొరుకుతుందన్న నమ్మకం లేదు. ఇక్కడున్న పెద్దవాళ్లలో చాలామందికి చదువు రాదు, వచ్చినవాళ్లకి చూపు ఆనదు. వీడియో అంటే చేతిలో పని ఆపి కూర్చుని చూడాలి, డేటా కూడా బాగా తింటుంది. ఆడియో అయితే పొయ్యి దగ్గర వినొచ్చు, బస్సులో వినొచ్చు, సైటు మీద పని చేసుకుంటూ వినొచ్చు.

ఫాదర్ గారు ఒప్పుకున్నారు, కాకపోతే రెండు షరతులు పెట్టారు. చివరి నిమిషం మాట ఎవరు రాసినా పంపే ముందు ఆయన చూడాలి. రెండోది, విన్నవాళ్లు ఎవరైనా తిరిగి మెసేజ్ పెడితే ఆ రోజే జవాబు వెళ్లాలి. "పంపడం సులువేనమ్మా, పంపాక అవతలి మనిషి మాట్లాడితే వినడానికి మన దగ్గర ఎవరో ఒకరు ఉండాలి" అన్నారు. ఆ మాట నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకున్నాను. మిగతా సాంకేతిక నిర్ణయాలన్నీ దాన్ని బట్టే తీసుకుంటున్నాం.

టీమ్‌లో ఉన్నది డీటీపీ షాపు నడిపే నేను, పల్లెల్లో జపాలూ విశ్వాసమూ నేర్పే ఉపదేశి తాతగారు, కాన్వెంటు నుంచి ఒక సిస్టర్ గారు, డిగ్రీ చదివే అబ్బాయి, ఇంటర్ చదివే అమ్మాయి.

డిసెంబర్ మొదటి వారం

గది దొరికింది. గుడిలో రికార్డు చేస్తే ఎత్తు కప్పు వల్ల ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తోంది. మా షాపులో చేద్దామంటే రోడ్డు మీద హారన్లు, ఆటోల్లో మైకు ప్రచారాలు. చివరికి గుడి పక్కన పూజ బట్టలు పెట్టే చిన్న గది సరిపోయింది. బీరువా తలుపులు రెండూ బార్లా తీసి పెడితే లోపల వేలాడే పూజ వస్త్రాలు, ఊదావీ తెల్లవీ పచ్చవీ ఎర్రవీ, శబ్దాన్ని పీల్చేసుకుంటాయి, గోడకి తగిలి వెనక్కి రానివ్వవు. ఖాళీగా ఉన్న గోడకి సిస్టర్ గారు కాన్వెంటు నుంచి రెండు బొంతలు తెచ్చి కట్టారు. ఫ్యాను ఆపేస్తాం. పక్కింటి కోళ్లు లేచేలోపు, లేదంటే రాత్రి భోజనాలయ్యాక రికార్డింగ్.

మైకు వైరు కాలర్ మైకే, ఫోనుకి గుచ్చేది. ఇక్కడ ఒక చిన్న విషయం చాలా తేడా చేసింది. మైకుని నోటికి సూటిగా పెడితే ప, ఫ, భ అక్షరాల దగ్గర గాలి వచ్చి కొడుతుంది, "ప్రభువు" అన్న ప్రతిసారీ ఢబ్ మని వినిపిస్తుంది. జానెడు కిందికి దించి, కాస్త పక్కకి, పమిట మడతలకి కాకుండా జాకెట్టు భుజం దగ్గర పెడితే ఆ చప్పుడు పోయింది. పమిట మడతలకి పెడితే ఊపిరి తీసినప్పుడల్లా బట్ట రాసుకుంటుంది.

రికార్డింగ్ మొదట్లో ఐదు సెకన్లు ఎవరూ నోరు మెదపరు, గది ఒక్కటే రికార్డవుతుంది. ఆడియో సరిచేసే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో ఆ ఖాళీ ముక్కని నమూనాగా చూపిస్తే మిగతా అంతటా ఆ హోరుని తగ్గిస్తుంది. దాన్ని మరీ లాగకూడదు, ఎక్కువ తగ్గిస్తే మనిషి గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టవుతుంది. 80 హెర్ట్జ్ కింద శబ్దాన్ని కోసేస్తే దూరం లారీల గుడగుడ పోతుంది. స్టీరియో అక్కర్లేదు, మోనో చాలు. 48 కేబీపీఎస్ ఎంపీ3 చేస్తే నాలుగు నిమిషాలు ఒకటిన్నర ఎంబీ లోపే వస్తోంది, సిగ్నల్ రెండు గీతలున్నా దిగిపోతుంది.

డిసెంబర్ 4న చిన్న మీటింగ్. రెండో వాటికన్ మహాసభ (ప్రపంచ కతోలిక బిషప్పుల సభ) సమాచార సాధనాల మీద ఇచ్చిన ప్రకటన, ఇంతెర్ మిరిఫికా, 1963లో ఇదే తేదీన వచ్చింది. పత్రికలు, సినిమా, రేడియో, టీవీ అన్నీ దేవుడిచ్చిన తెలివితో మనిషి సాధించినవేననీ, శ్రీసభ (కతోలిక సంఘం) వాటిని వాడుకోవాలనీ అందులో ఉంది. సిస్టర్ గారు చదివి వినిపించారు. మన పనికి ఒక ఆధారం ఉందని పిల్లలకి తెలియాలని ఆమె ఉద్దేశం, బాగుంది.

డిసెంబర్ మధ్యలో, టెక్స్ట్ దగ్గర టెన్షన్

చదవడానికి టెక్స్ట్ కావాలి కదా. పుస్తకం పట్టుకుని చదివితే పేజీ తిప్పిన చప్పుడు వస్తుంది, పైగా చీకట్లో చిన్న అక్షరాలు. ఫోన్లో పెద్దగా పెట్టుకుని చదవడమే మేలు. అందరి ఫోన్లలోనూ ఏదో ఒక తెలుగు బైబిల్ యాప్ ఉంది, అయితే ఆ ఉచిత యాప్‌లలో చాలావాటిలో ఉన్నది 66 పుస్తకాల బైబిలు. మనది 73. తోబీతు, యూదితు, మక్కబీయులు, సొలోమోను జ్ఞానగ్రంథం, సీరాపుత్రుడైన యేసు జ్ఞానగ్రంథం, బారూకు వాటిలో ఉండవు. సువిశేషం వరకూ దొరికినా మాటల తీరు మన పూజలో వినేదానికి వేరుగా ఉంటుంది. చిన్నప్పటి నుంచి చెవిన పడ్డ వాక్యం ఒక్క మాట మారినా మా ముసలమ్మలు పట్టేస్తారు.

అందుకని పూజలో వాడే పఠనాల పుస్తకం నుంచే వారం వారం ముందుగా టైపు చేసుకుంటున్నాం. మా షాపులో పాత ఫైళ్లు బోలెడు ఉన్నాయి, విచారణ పండుగ కరపత్రాలు, కీర్తనల పుస్తకం, సిలువ మార్గం, జపమాల ప్రార్థనలు, అన్నీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేసినవి. డీటీపీ చేసేవాళ్లకి చెప్పక్కర్లేదు, వాటిని కాపీ చేసి ఫోన్లో వేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. కన్వర్టర్‌లో వేసి యూనికోడ్‌లోకి మార్చాక కూడా ఒత్తుల దగ్గరా అరసున్నల దగ్గరా కూర్చుని ఒక్కో పేజీ సరిచూడాలి. ఇది విసుగు పని, అయినా నాకు ఇష్టమైన పని. ఒకసారి యూనికోడ్ అయిందంటే కీర్తన వెతికితే దొరుకుతుంది, పెద్దది చేసుకోవచ్చు, హైదరాబాదులో ఉన్న పిల్లాడికి పంపొచ్చు. పాత కీర్తనల పుస్తకం సగం అయ్యింది.

డిసెంబర్ 28, తిరుకుటుంబ పండుగ

మామూలుగా ఒక్క సువిశేషమే పంపేవాళ్లం, ఇవాళ మొదటి పఠనం కూడా కలిపాం. సీరా గ్రంథం మూడో అధ్యాయం, తండ్రి వృద్ధాప్యంలో ఆదుకో, మతి తప్పినా తూలనాడకు అనే భాగం. యాప్‌లలో దొరకదని చెప్పాను కదా, అదే ఇది. ఇంట్లో ముసలివాళ్లని వదిలి వెళ్లిన ఊళ్లలో ఈ పఠనం వినిపించకపోతే ఇంకేం వినిపిస్తాం.

సువిశేషం మత్తయి రెండో అధ్యాయం, ఐగుప్తుకు పారిపోవడం. యోసేపు రాత్రికి రాత్రి లేచి బిడ్డనీ తల్లినీ తీసుకుని పరాయి దేశం వెళ్లడం. చివరి నిమిషం మాట ఒక ఇల్లాలితో చెప్పించాం, ఆమె భర్త హైదరాబాదులో సెంట్రింగ్ పని చేస్తాడు. పెద్దగా ఏమీ చెప్పలేదు. తిరుకుటుంబం కూడా ఊరు వదిలిందనీ, తెలియని చోట అద్దెకో నీడకో వెతుక్కునే ఉంటుందనీ, యోసేపు గారికి కూడా మేస్త్రిల దగ్గర పని అడగాల్సి వచ్చే ఉంటుందనీ, తను రోజూ ఆయన్ని తలుచుకునే భర్తకి ఫోన్ చేస్తుందనీ అంది. ఫాదర్ గారు ఒక్క మాట కూడా మార్చలేదు.

అప్పటిదాకా వచ్చే జవాబులు రెండు చేతులు జోడించిన బొమ్మలే. ఇవాళ మనుషులు మాట్లాడారు. లేబర్ షెడ్డులో నలుగురం కలిసి విన్నామని ఒకరు, మా అమ్మకి కూడా పంపండి నంబర్ ఇస్తున్నానని ఒకరు, మేమున్న చోట తెలుగు పూజ ఎక్కడ దొరుకుతుందని ఇంకొకరు. ఆ చివరి ప్రశ్న మా పనిని పెంచింది. హైదరాబాదులో గన్‌ఫౌండ్రీ సెయింట్ జోసెఫ్ కెథడ్రల్, సికింద్రాబాదులో సెయింట్ మేరీస్ బసిలికా, చెన్నైలో శాంతోమ్, బీసెంట్ నగర్ వేళాంగణ్ణి మాత గుడి, ఇలా తెలిసినవాటి దగ్గర మొదలుపెట్టి మన వాళ్లు పనిచేసే ఏరియాలకి దగ్గర్లో ఉన్న గుళ్ల పట్టిక ఒకటి తయారవుతోంది. ప్రతి గుడికీ సిస్టర్ గారే ఫోన్ చేసి ఏ భాషలో ఏ టైముకి పూజో అడిగి, తేదీ వేసి రాస్తున్నారు. తేదీ లేకపోతే ఆ సమాచారం ఎప్పటిదో తెలియక మనిషి అంత దూరం వెళ్లి గేటు దగ్గర నిలబడాల్సి వస్తుంది.

జనవరి, ఎలా పంపాలన్న లెక్క

వాట్సాప్‌లో మూడు దారులున్నాయి. గ్రూపు పెడితే అందరూ గుడ్ మార్నింగ్ బొమ్మలూ రాజకీయ వీడియోలూ వేస్తారు, అడ్మిన్లు మాత్రమే రాసేలా పెడితే ఆ గోల పోతుంది గానీ జవాబు ఇచ్చే దారి కూడా మూసుకుపోతుంది. ఛానెల్ ఎంతమందికైనా వెళ్తుంది, కానీ విన్నవాళ్లు మాకు రాయలేరు. బ్రాడ్‌కాస్ట్ లిస్ట్‌లో మనం పంపింది ఒక్కొక్కరికీ విడిగా చేరుతుంది, వాళ్ల జవాబు మనకే వస్తుంది, ఇంకొకరికి కనపడదు. ఒక లిస్టులో 256 మందే పడతారు, ఇంకో లిస్టు చేసుకోవచ్చు. ఫాదర్ గారి రెండో షరతుకి సరిపోయేది ఇదే. మేం తీసుకున్నది ఇదే.

దీనికో మెలిక ఉంది. అవతలివాళ్ల ఫోన్లో మన నంబరు సేవ్ అయి ఉంటేనే బ్రాడ్‌కాస్ట్ చేరుతుంది. లేకపోతే పంపినట్టే ఉంటుంది గానీ అటు చేరదు. అందుకని ఆదివారం పూజ అయ్యాక గుడి మెట్ల దగ్గర పిల్లలు ఒక బల్ల వేసుకుని కూర్చుంటున్నారు. పెద్దవాళ్లు ఫోను ఇస్తే నంబరు సేవ్ చేసి, ఆడియో ఎక్కడ నొక్కాలో చూపించి, వాళ్ల ముందే ఒకసారి వినిపించి పంపుతారు. రాలేనివాళ్ల ఇళ్లకి జపమాల కూటాలప్పుడు వెళ్తున్నారు. ఒక పెద్దాయన అయితే ఫోను చేతికిచ్చి, ఇందులో మా అబ్బాయి ఫొటో కూడా కనపడేలా పెట్టండి అన్నారు. పెట్టారు. అడిగినవాళ్లకే పంపుతాం, వద్దన్న వెంటనే తీసేస్తాం. మా వీధిలో వేరే మతం వాళ్లు కూడా కొందరు కావాలని అడిగారు, వాళ్లకీ పంపుతున్నాం. అడగనివాళ్ల ఫోన్లోకి మాత్రం వెళ్లం.

కీప్యాడ్ ఫోన్ల సంగతి ఉపదేశి తాతగారు తలకెత్తుకున్నారు. వారం ఆడియోలన్నీ మెమరీ కార్డులో ఎక్కించి ఇస్తాను, ఆయన పల్లెలకి పట్టుకెళ్తారు. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌ని అలాగే కాపీ చేస్తే ఓపస్ ఫార్మాట్‌లో ఉంటుంది, ఈ ఫోన్లలో పలకదు, అందుకే ఎంపీ3. ఫైలు పేరు తెలుగులో పెడితే డబ్బాలు కనిపిస్తాయి, కాబట్టి 001, 002 అని అంకెలే. అప్పుడు వరస కూడా తప్పదు.

తాతగారికి ఇదేమీ కొత్త కాదు. రేడియో వెరితాస్ ఆసియా మనీలా నుంచి షార్ట్‌వేవ్‌లో తెలుగు కార్యక్రమం ఇచ్చే రోజుల్లో ఈయన రోజూ వినేవారట. "ఆ టైముకి రేడియో అట్టుకుని దొడ్లోకి పోయీవోళ్లం పాపా, ఏరియల్ వైరు జాంచెట్టుకి కట్టీవోళ్లం, గాలేస్తే గొంతు పోయీది, మళ్లీ వొచ్చీది" అన్నారు. 1969లో మొదలైన ఆ రేడియో 2018లో షార్ట్‌వేవ్ ఆపేసి ఇంటర్నెట్‌కి మారింది. తాతగారి ఫోన్లో ఇప్పుడు ఆ తెలుగు కార్యక్రమాలు వచ్చేలా పెట్టి ఇచ్చాం. చాలాసేపు విన్నారు, తర్వాత రెండు మెమరీ కార్డులు అదనంగా కావాలన్నారు.

జనవరి 24, పునీత (సెయింట్) ఫ్రాన్సిస్ డి సేల్స్ పండుగ

ఈ రోజు మాకు మామూలు రోజు కాదు. 1846లో విశాఖపట్నం చేరి ఈ ఉత్తరాంధ్ర అంతా తిరిగిన గురువులు (ఫాదర్లు) ఈ పునీతుడి పేరు మీద పుట్టిన గురువుల సంఘం వాళ్లే, ఫ్రాన్సులో అన్సీ నుంచి వచ్చారు. విశాఖ మేత్రాసనం (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం) నుంచి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకి విడిగా శ్రీకాకుళం మేత్రాసనం ఏర్పడింది 1993లో. 2022లో జిల్లాలు మారి మా రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చింది, పాలకొండ, సీతంపేట పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి, మేత్రాసనం మాత్రం అందరికీ అదే.

ఆ ఫ్రాన్సిస్ గారు యువ గురువుగా 1594లో షాబ్లె అనే ప్రాంతానికి వెళ్లారు. జనం ఆయన ప్రసంగం వినడానికి రాలేదు, తలుపులు తియ్యలేదు. ఆయన చెప్పదలచుకున్నది కాగితాల మీద రాసి, కాపీలు చేయించి, తలుపుల కిందనుంచి ఇళ్లలోకి తోశారు. 1923లో పదకొండో భక్తినాథ (పయస్) పోపుగారు ఆయన్ని కతోలిక రచయితలకీ పాత్రికేయులకీ పాలక పునీతుడిగా ప్రకటించడానికి ఆ కాగితాలే కారణం. చెవిటి యువకుడికి సైగలతో విశ్వాసం నేర్పిన మనిషి కూడా ఈయనే. మా ఆడియోలో ఇవాళ ఇదే చెప్పాం. మన ఊరికి విశ్వాసం తెచ్చినవాళ్ల గురువు తలుపు కిందనుంచి కాగితం తోసిన మనిషి అని తెలిశాక మా డిగ్రీ అబ్బాయి ఈ పనిని చూసే తీరు మారింది.

సరిగ్గా ఆ అబ్బాయే ఈ వారం ఒక చర్చ లేవదీశాడు. టెక్స్ట్ ఇస్తే కంప్యూటరే తెలుగులో చదివే యాప్ ఒకటి చూపించాడు. తప్పుల్లేవు, దగ్గు లేదు, గొంతు నిండుగా ఉంది, తెల్లవారుజామున ఎవరూ లేవక్కర్లేదు. ఏడాది మొత్తం సువిశేషాలు ఒక్క రోజులో చేసి పెట్టొచ్చు అన్నాడు. వాడి మాటలో న్యాయం ఉంది, అందుకే మీటింగ్ పెట్టి మాట్లాడాం. ఏటా జనవరి 24న సమాచార సాధనాల దినానికి పోపుగారి సందేశం వెలువడుతుంది. 1967లో మొదలైన ఆ దినం 2026 మే 17న 60వది, దానికి పెట్టిన అంశం మనుషుల గొంతులనూ ముఖాలనూ కాపాడుకోవడం. సిస్టర్ గారు ఆ అంశాన్ని బోర్డు మీద రాసి, మీరే చెప్పండి అన్నారు.

ఇంటర్ అమ్మాయి చెప్పిన మాటతో తేలిపోయింది. తను చదివే రోజు ముందు రాత్రి ఆ సువిశేషాన్ని నాలుగైదుసార్లు చదువుకుంటుందట, ఎక్కడ ఆగాలో తెలియడానికి, అలా చదువుతుంటే పూజలో ఎన్నోసార్లు విన్నదే అయినా అర్థం అప్పుడే పట్టుకుంటోందట. యాప్ చదివితే ఆ అర్థం ఎవరికి తెలుస్తుందని అడిగింది. నాకైతే ఇంకో కారణం కూడా ఉంది. చెన్నైలో ఉన్న మనిషి పొద్దున్నే ఆడియో తెరిస్తే తన వీధి పిల్ల గొంతు వినిపించాలి, ఇది ఫలానా వాళ్ల అమ్మాయి కదా అనుకోవాలి. టైపింగుకీ, హోరు తీసెయ్యడానికీ, పాత పుస్తకం ఫొటో నుంచి అక్షరాలు లాగడానికీ మెషీన్ సాయం తీసుకుంటాం. చదివే గొంతు మాత్రం మనిషిదే. ఇది ఖాయం చేసుకున్నాం.

ఫిబ్రవరి, పోస్టర్లు

పిల్లలు పునీత కార్లో అకుటిస్ మీద పోస్టర్లు చేస్తున్నారు. 1991లో పుట్టి 2006లో 15 ఏళ్లకే లుకేమియాతో చనిపోయిన ఇటలీ కుర్రాడు, దివ్యసత్ప్రసాద (పూజలో క్రీస్తు శరీరంగా స్వీకరించే అప్పం) అద్భుతాలను సేకరించి వెబ్‌సైట్ చేశాడు. 2025 సెప్టెంబర్ 7న పోప్ లియో గారు పునీతుడిగా ప్రకటించారు. జీన్స్ ప్యాంటు వేసుకున్న పునీతుడి ఫొటో చూసి మా పిల్లలకి వచ్చిన హుషారు మామూలుగా లేదు.

పని దగ్గర చిక్కు అక్షరాలతో వచ్చింది. వీడియో ఎడిటింగ్ యాప్‌లో తెలుగు రాస్తే కొన్నిటిలో ఒత్తులు విడిపోతున్నాయి, "జ్ఞానస్నానం" అని కొడితే జకారం పొల్లు ఒకటీ ఞ ఒకటీ విడివిడిగా నిలబడుతున్నాయి, "క్రీస్తు" అయితే చూడలేం. టైటిల్‌ని కంప్యూటర్లో బొమ్మగా చేసి, వెనకాల రంగు లేకుండా పీఎన్‌జీగా సేవ్ చేసి ఆ యాప్‌లోకి తెచ్చుకుంటే అక్షరం చెక్కు చెదరదు. ఫాంట్లు ఉచితంగా దొరికేవే, మండలి, రామభద్ర, పెద్ద టైటిళ్లకి గిడుగు. ఆ గిడుగు ఫాంటు పేరు మన రామమూర్తి పంతులు గారిదే, 1863లో శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో పుట్టిన ఆయనది, ఆయన సంగతి కింద మళ్లీ వస్తుంది.

ఫొటోల విషయంలో ఒక నియమం పెట్టుకున్నాం. పిల్లల ముఖాలు కనిపిస్తే తల్లిదండ్రులు ఒప్పుకుంటేనే, దివ్యసత్ప్రసాదం స్వీకరించేవాళ్ల ఫొటోలు అసలే వద్దు.

తపస్సుకాలం (ఈస్టర్ ముందు నలభై రోజులు) ముందు వారం, వచ్చే జవాబుల గురించి

ఇప్పుడు రోజూ జవాబులొస్తున్నాయి. వాటిని చూసే ఫోను సిస్టర్ గారి దగ్గరే ఉంటుంది. ప్రార్థన కోరినవాళ్ల పేరు, కారణం ఇంకెక్కడా రాయం, ఫాదర్ గారికి నోటితో చెప్తారు, పూజలో ఉద్దేశాలు పేరు లేకుండా చదువుతారు. పోస్టర్ మీద వేద్దామనీ, గ్రూపులో పెడితే అందరూ ప్రార్థిస్తారు కదా అనీ ఎవరో మంచి మనసుతోనే అన్నారు. అయినా ఒప్పుకోలేదు. ఒకరు నమ్మి చెప్పిన బాధ ఊళ్లో తిరగకూడదు.

ఫోన్లోనే పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) చేయొచ్చా అని కూడా అడుగుతున్నారు, దూరాన ఉన్నవాళ్లు ముఖ్యంగా. కుదరదు. 2002లో 'శ్రీసభ, ఇంటర్నెట్' అనే అంశం మీద వాటికన్ ఇచ్చిన పత్రంలోనే ఉంది, ఇంటర్నెట్‌లో దివ్యసంస్కారాలు (జ్ఞానస్నానం, పాపసంకీర్తనం లాంటివి) లేవని. ఫాదర్ గారు ఫోన్లో మాట్లాడతారు, ధైర్యం చెప్తారు, పట్టికలో దగ్గరి గుడి చూసి అక్కడి గురువుల పూజ టైము చెప్పి పంపుతారు. 2020లో గుళ్లు మూతబడ్డప్పుడు అందరం ఫోన్లోనే పూజ చూశాం, మార్చి 27న ఖాళీ సెయింట్ పీటర్స్ చౌకులో వానలో పోప్ ఫ్రాన్సిస్ గారు ఒక్కరే నిలబడి ఆశీర్వదించడం కూడా అలాగే చూశాం, ఆ రోజుల్లో అది ఎంత ఆసరానో నాకు తెలుసు. నడవగలిగినవాళ్లు ఇప్పటికీ ఫోనులోనే పూజ అయిపోయిందనుకుంటే మాత్రం నాకు బాధేస్తుంది. అందుకే మా ఆదివారం ఆడియోలో చివరి మాట ఎప్పుడూ ఇవాళ పూజ ఎన్నింటికో చెప్పే మాటే.

మరియమ్మని ఆరాధిస్తారంటూ మాతో వాదనకి వచ్చేవాళ్లూ ఉన్నారు, ఎక్కువగా వేరే సంఘాల క్రైస్తవ సోదరులే. ఒక్కసారి నిదానంగా జవాబిస్తాం. ఆరాధన దేవుడికే, తల్లికి ఇచ్చేది గౌరవం, మంగళవార్త జపంలో మొదటి సగం లూకా సువిశేషం మొదటి అధ్యాయంలో గబ్రియేలు దూత పలకరింపూ, ఎలిజబెతమ్మ పలికిన మాటలూ. అక్కడితో ఆపుతాం. రెండో రోజు మళ్లీ అదే వాదన అయితే వందనాలు చెప్పి ఊరుకుంటాం.

మార్చి 8, తపస్సుకాలం మూడో ఆదివారం

ఈ ఏడాది తపస్సుకాలంలో మూడు ఆదివారాలు వరసగా యోహాను సువిశేషం నుంచి పొడవాటి భాగాలు, సమరియ స్త్రీ, పుట్టుగుడ్డి, లాజరు. ఒక్కరే చదివితే వినేవాళ్లు మధ్యలో వదిలేస్తారు. పఠనాల పుస్తకంలో చిన్న రూపం కూడా ఉంది, కానీ సమరియ స్త్రీ కథని కుదించడం నాకు మనస్కరించలేదు. పాత్రలుగా చదివించాలని నిర్ణయించాం. కథ చెప్పే గొంతు ఇంటర్ అమ్మాయి, ప్రభువు మాటలు ఫాదర్ గారు, సమరియ స్త్రీ మాటలకి మా వీధి ముసలమ్మ.

ఆమెకి చదువు రాదు. "ఓలమ్మో, నానేటి సదవగలనే పాపా, అచ్చరమ్ముక్క రాదు, దేవుడి మాట తప్పు పలికితే ఏటౌద్ది" అని మొదట ఒప్పుకోలేదు. ఉపదేశి తాతగారు ఒక్కో వాక్యం చెప్పారు, ఆమె విని, కళ్లు మూసుకుని మనసులో అనుకుని, తర్వాత మైకులో అంది. చిన్నప్పుడు జపాలన్నీ ఆమె అలా విని నేర్చుకున్నవే. పూజ బట్టల బీరువా ముందు స్టూలు మీద కూర్చుని, చెంగు మోకాళ్ల మీద సర్దుకుని, "అయ్యా, ఈ బావి చాలా లోతైనది, నీళ్లు తోడుకోడానికి నీ దగ్గర ఏమీ లేదు" అనే భావం వచ్చే వాక్యం దగ్గర ఆమె గొంతులో నిజంగానే అనుమానం పలికింది. ఎన్ని ఏళ్లు ఎన్ని నూతుల దగ్గర నీళ్లు తోడిందో మరి, ఆ మాట ఎలా అడగాలో ఆమెకి ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. "ఆ నీళ్లు నాకియ్యి, మళ్లీ ఇక్కడికి రానక్కర్లేకుండా" అనే చోట ఆగిపోయింది. తాతగారు మళ్లీ వాక్యం అందించబోతే చెయ్యి ఎత్తి ఆపి, కాసేపయ్యాక తనే అంది. ఆ ఖాళీని నేను ఎడిటింగ్‌లో కొయ్యలేదు.

మామూలు నాలుగు నిమిషాల లెక్క దాటింది, దాదాపు తొమ్మిది నిమిషాలు. ఇప్పటిదాకా అన్నిటికన్నా ఎక్కువ జవాబులు దీనికే వచ్చాయి, చాలామంది ఆ అమ్మ ఎవరని అడిగారు. ఆమె మనవడు సూరత్ నుంచి ఫోన్ చేసి ఆమెతో అరగంట మాట్లాడాడని మర్నాడు ఆమే వచ్చి చెప్పింది. లాజరు భాగంలో అతని సోదరి మార్త మాటలు కూడా తనకే ఇమ్మని అడిగి వెళ్లింది.

మార్చి 22 తర్వాత

మార్త మాటలు ఆమే చెప్పింది. బాగా వచ్చింది.

సవర ఆడియో పని కదిలింది. సీతంపేట కొండ మీది ఊళ్లకి తాతగారి కార్డులు వెళ్తున్నాయి గానీ అక్కడి పెద్దవాళ్లకి ఇంటి మాట సవర, తెలుగు సగమే అందుతుంది. గిడుగు రామమూర్తి గారు వందేళ్ల కిందటే ఆ భాష నేర్చుకుని నిఘంటువూ వ్యాకరణమూ రాశారు, మనం కనీసం నాలుగు నిమిషాలైనా వాళ్ల మాటలో వినిపించాలి కదా. సువిశేషాన్ని మాకు మేమే తర్జుమా చేసేయడానికి ఫాదర్ గారు ఒప్పుకోలేదు, అది సరైనదే, మేత్రాసనం నుంచి అనుమతి, సరిచూసేవాళ్లు కావాలి. కాబట్టి ఇప్పటికి పఠనం తెలుగులోనే, చివరి నిమిషం మాట సవరలో. ఆ ఊళ్ల నుంచి చదువుకున్న ఒక యువకుడు చెప్తాడు, అదే ఊరి పెద్దలు ఇద్దరు విని సరే అన్నాకే కార్డులోకి ఎక్కుతుంది. మొదటిది వాళ్లు వెనక్కి పంపారు, మరీ పుస్తకంలా ఉందట. మళ్లీ చేస్తున్నాడు.

మట్టల ఆదివారం 29న. ఈసారి మత్తయి రాసిన యేసు శ్రమల చరిత్ర, 26వ అధ్యాయం 14వ వచనం నుంచి 27వ అధ్యాయం చివరిదాకా. ముక్కలుగా చేసి ఆ వారమంతా రోజుకొకటి పంపుతాం. జనసమూహం కేకలకి యూత్ అంతా కలిసి గుడిలోనే రికార్డు చేస్తారు, అక్కడి ప్రతిధ్వని ఈ ఒక్కదానికీ కావాలి. పేతురు ఎవరు చదవాలో ఇంకా తేలలేదు, డిగ్రీ అబ్బాయి తనకే కావాలంటున్నాడు, తాతగారికీ మనసులో ఉందని సిస్టర్ గారి అనుమానం. బుధవారం రాత్రి ఇద్దరితోనూ చదివించి చూస్తాం. మెమరీ కార్డులు ఇంకో పది కావాలి, గుళ్ల పట్టికలో చెన్నై భాగానికి మళ్లీ ఫోన్లు చేసి పవిత్ర వారం టైములు రాయాలి.